నాన్న బెండ్ల రంగు

హెరన్ దీవి, మెయిన్
మార్చి 4, 1984

నెబ్రాస్కాలో ఉన్న లియోనా అక్కకి,

నీ క్రిస్మస్ ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానేసి పడవెక్కినవాడికి రెండు నెలలు ఎక్కువ కాదు. నువ్వు టీచరమ్మగా పనిచేసినదానివి, నీకు తెలియదు. పైగా నీ ఉత్తరం విప్పగానే ఒళ్ళు మండింది. ఒక్కొక్క అక్షరం కోడిగుడ్డంత ఉంది. పేజీకి ఏడు వరుసలు. నేను గుడ్డివాణ్ణయ్యానని నీకు ఎవరు చెప్పారు? డెబ్భై రెండేళ్ళు వచ్చినా నా పడవ నేనే నడుపుకుంటున్నాను. మామూలు అక్షరాలు రాయి. కాగితం దండగ.

ఎవరు చెప్పారో నాకు తెలుసులే. మిషన్ వాళ్ళ పడవలో దీవులన్నీ తిరిగే నర్సు అయి ఉంటుంది. నవంబరులో వచ్చి నా కళ్ళలోకి దీపం వేసి చూసింది. "థర్లో గారూ, షుగరు మీ కంటి వెనక పొర దాకా పోయింది. లోపల పనికిరాని రక్తనాళాలు మొలుస్తున్నాయి. అవి చిట్లితే చూపు పోతుంది. బాంగోర్ వెళ్ళి లేజరు చేయించుకోండి" అంది. లేజరంటే ఏమిటని అడిగాను. వెలుగుతో కంటి లోపల కాలుస్తారట. "అమ్మాయ్, పొయ్యిలో చెయ్యి పెట్టమంటే ఆలోచిస్తాను గానీ కంట్లో నిప్పు పెట్టించుకోను" అన్నాను. మీ ఇంట్లో ఇంకెవరికైనా చూపు పోయిందా అని అడిగింది. లేదన్నాను. అమ్మది వయసు మీద పడి వచ్చింది. అది లెక్కలోకి రాదు.

నా కళ్ళకేమీ కాలేదు. పడవ అద్దం మీద ఈమధ్య సాలెగూళ్ళు ఎక్కువయ్యాయి, అంతే. ఎంత తుడిచినా మళ్ళీ అల్లుతున్నాయి.

లాబ్‌స్టర్ బోన్లు ఎక్కడున్నాయో చూపిస్తూ నీళ్ళ మీద తేలే బెండ్లకి రంగు వేయడం నిన్నటితో అయింది. మూడు వందల ఇరవై. కొట్లో డబ్బాల గొడవ జరిగింది విను. ప్రతి ఏడూ చలికాలంలో కొట్టువాడు, ఏ ఇంటి బెండ్లకి ఆ ఇంటి రంగు కనుక, అందరి రంగులూ తెప్పించి, మూత మీద లోపలి రంగు చుక్క పెట్టి, అరలో వరస పెడతాడు. ఎవరివి వాళ్ళు తీసుకుపోవాలి. ఈసారి నా బావమరిది డెల్మార్ డబ్బాలు ఎవరో ఎత్తుకుపోయారట. కొట్టు మెట్ల మీద నిలబడి దీవికి దొంగలు పట్టారని అరిచాడట. ఈ దీవిలో ఉన్నది నలభై ఏడు మంది. దొంగతనం చేసేంత తీరిక ఉన్నవాడు వాడొక్కడే. నాకు వాడితో మాటల్లేవు కనుక ఈ మాట వాడికి చెప్పలేకపోయాను.

నీ పుట్టినరోజుకి ఒక బెండు పంపుతున్నాను. నా చేత్తో రంగు వేశాను. ఏ రంగో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ మొక్కజొన్న ఊళ్ళో గోడకి కొట్టుకో.

చేతులు ఇంకా కిరసనాయిలు కంపు కొడుతున్నాయి కాబట్టి ఇంతటితో ఆపుతాను.

థర్లో

*

మార్చి 25

ఒరేయ్ థర్లో,

నర్సు నాకేమీ చెప్పలేదు. నీ కళ్ళ సంగతి నీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. నా అక్షరాలు నా ఇష్టం. అవి ఇలాగే ఉంటాయి, చదివితే చదువు లేకపోతే మానెయ్యి.

బెండు భద్రంగా వచ్చింది. ఇన్నేళ్ళకి నీకు ఈ బుద్ధి పుట్టిందంటే నమ్మలేకపోయాను. మీ బావ పొంగిపోయాడు. "చూశావా, అచ్చం మన ట్రాక్టరు రంగులే. మీ తమ్ముడికి నా మీద ఇంత అభిమానం ఉందని నాకు తెలియదు" అన్నాడు. ఎమిల్ నిన్ను మెచ్చుకోవడం నలభై ఏళ్ళ కాపురంలో ఇదే మొదలు. తీసుకెళ్ళి ట్రాక్టరు ముందు కట్టాడు. పక్క పొలాల వాళ్ళు ఆగి అడుగుతున్నారు, సముద్రం ఎప్పుడొస్తోందని.

ఇక కళ్ళ సంగతి. అమ్మది వయసా? అమ్మకి అప్పుడు అరవై ఒకటిరా. అరవై ఒకటికి వయసు మీద పడి చూపు పోతుందా? చివరి ఆరేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఇంజను చప్పుడు విని ఏ పడవ ఎవరిదో చెప్పేది. అదేదో గొప్ప విద్య అయినట్టు నువ్వు ఊళ్ళో చెప్పుకు తిరిగేవాడివి. నేను లోపలికి పోయి ఏడ్చేదాన్ని. అమ్మ కాలంలో లేజరు లేదు. నీ కాలంలో ఉంది. వెళ్ళు.

ఇక్కడ నాకు బాగా తెలిసిన ఒకావిడ ఉంది. ఆవిడకీ ఇదే జబ్బు. రేపు చూద్దాం, పంట చేతికొచ్చాక చూద్దాం అని ఏడాది జరిపింది. ఒకరోజు పొద్దున్నే లేచి రొట్టె కోసుకుంటుంటే ఎడమ కంట్లో ఎర్రటి తెర దిగింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు. రెండోదానికి లేజరు చేయించుకుంది, అది నిలిచింది. ఆవిణ్ణి చూసైనా నేర్చుకో.

నీ నోటికి తాళం వేసి నీ కాళ్ళకి పని చెప్పమని కోరుతూ,
లియోనా

*

హెరన్ దీవి
మే 13

అక్కా,

మీ ట్రాక్టర్లకి నాన్న రంగులు వేస్తారని నాకు తెలియదు. బావతో చెప్పు, నాన్న ముందు వేశాడు. 1911లో. ఆ కంపెనీ వాళ్ళు ఇక్కడికి సెలవులకొచ్చి చూసి ఎత్తుకుపోయి ఉంటారు.

నువ్వు పోరుతున్నావని బాంగోర్ పోయాను. చూసి రావడానికే పోయాను, చేయించుకోవడానికి కాదు. ముందు కంట్లో మందు చుక్కలు వేశారు. ఎదురుగా ఉన్న గోడ మంచులో మునిగినట్టయింది. డాక్టరు ఆడమనిషి, కెస్లర్ అట, ముప్ఫయి దాటి ఉండవు. గడ్డం ఒక తట్టలో పెట్టించి చాలాసేపు లోపలికి చూసింది. నా కంటి వెనక ఫోటో తీసి గోడ మీద వేసి చూపించింది. ఎర్రటి నాచు పట్టిన రాయిలా ఉంది. అదే చెప్పాను.

"ఆ నాచే మన సమస్య" అంది. "అంచుల్లో వెయ్యి, పదిహేను వందల చోట్ల చిన్న చిన్న చుక్కలుగా కాలుస్తాం. అప్పుడు ఆ రక్తనాళాలు ఎండిపోతాయి. మధ్య చూపు దక్కుతుంది."

"అంచులేమవుతాయి?"

"పక్క చూపు కొంత తగ్గుతుంది. చీకట్లో చూపు తగ్గుతుంది."

"అమ్మా, పడవ వాడికి పక్క చూపే అన్నం పెడుతుంది. ఎదురుగా ఉన్నదాన్ని నా పిల్లి కూడా చూస్తుంది" అన్నాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. సరే, ఇంకొక పరీక్ష చేద్దామని ఒక పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులో ఏమున్నాయనుకున్నావు? రంగు బిళ్ళలు. పిల్లలు ఆడుకునేవి. వాటిని రంగు వరసలో పేర్చాలట. డెబ్భై రెండేళ్ళవాణ్ణి, అరవై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాణ్ణి, బిళ్ళలు పేర్చుకోమంది. టోపీ పెట్టుకుని లేచి వచ్చేశాను.

మరునాడు బోన్లన్నీ పడవకెక్కించి నీళ్ళలో వేశాను. బెండ్లు కొత్త రంగుతో మెరుస్తున్నాయి. రేవులో పదిమంది ఉన్నారు. ఒక్కడూ నోరు విప్పలేదు. పడవ కదిలేదాకా అందరూ నిలబడి చూశారు. నా వయసుకి ఇన్నాళ్ళకైనా ఆ మాత్రం మర్యాద దక్కింది.

నీ స్నేహితురాలికి నా జాలి చెప్పు. కానీ ఏడాది పాటు రేపు రేపు అంటూ కూర్చున్నదంటే ఆవిడకి బుర్ర తక్కువ. నాది వేరు. నేను రేపు అనడం లేదు, వద్దు అంటున్నాను.

గట్టి కళ్ళతో,
థర్లో

*

జూన్ 3

థర్లో,

నీ ఉత్తరం ఎమిల్‌తో చదివించుకున్నాను. బుర్ర తక్కువ అన్న మాట దగ్గర ఆయన ఆగి నా మొహం చూశాడు. చదవమన్నాను.

నీకు కోపం వచ్చింది ఆ బిళ్ళల మీద కాదు. పేర్చలేవేమోనని భయమేసింది. చిన్నప్పుడు కూడా ఓడిపోతావనుకున్న ఆట మొదలుపెట్టేవాడివి కాదు.

ఇంకేమీ రాయను. ఇక్కడ వానలు సరిగ్గా పడుతున్నాయి. మొక్కజొన్న మోకాలి ఎత్తు వచ్చింది.

లియోనా

*

హెరన్ దీవి
జూలై 22

అక్కకి,

నువ్వు అలిగినా సరే ఈ మాట చెప్పాలి. ఇలాంటి ఏడు నేను ఇరవై ఏళ్ళుగా చూడలేదు. లాబ్‌స్టర్లు నాకోసమే పుట్టినట్టు బోన్లలోకి నడిచొస్తున్నాయి. నేను బోన్లు వేసుకునే తావు దాటి ఉత్తరం పక్కన రాళ్ళ దాకా నా బెండ్లే కనిపిస్తున్నాయి. అంత దూరం ఎప్పుడు వేశానో గుర్తు లేదు, నీళ్ళ పోటుకి కొట్టుకుపోయి ఉంటాయి. వెళ్ళి లాగుతున్నాను. ఒక్కటీ ఖాళీగా రావడం లేదు.

ఒక్క సంగతి మాత్రం నచ్చలేదు. కొన్ని బోన్ల లోపల వల అల్లిక వదులుగా, అతుకులు వేసినట్టుగా ఉంది. మా ఆవిడ ఐడా పోయాక నా వలలు నేనే అల్లుకుంటున్నాను, ఆవిడ నేర్పిన పద్ధతిలోనే. అంత బద్ధకపు అల్లిక నా చేతికి ఎప్పుడొచ్చిందో తెలియలేదు. సిగ్గుపడి రెండు విప్పి మళ్ళీ అల్లాను.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన మంగళవారం నా బెండ్లలో పదకొండింటికి పుల్ల చుట్టూ తాడు మెలిక వేసి ఉంది. మెలిక సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నా తావులోకి వచ్చావు, మళ్ళీ వస్తే తాడు కోస్తానని దాని అర్థం. మనుషులు నోటితో చెప్పుకోని మాట ఇక్కడ తాడుతో చెప్పుకుంటారు. ఆ మెలిక ఎవరిదో నాకు చూడగానే తెలిసింది. ఎడమచేతి వాటం. డెల్మార్ వేశాడు.

నా సొంత బెండుకి, నా సొంత తావులో, నాన్న రంగు మీద మెలిక. ఐడా తమ్ముడని పదకొండేళ్ళు ఊరుకున్నాను. పాలతో తెల్లగా కాయాల్సిన ఆలిచిప్పల సూపులో ఐడా టమాటా వేసేదని ఆవిడ దినం రోజున నా ఇంట్లో కూర్చుని అన్నాడు. అప్పుడే గెంటేశాను. వాళ్ళమ్మ వేసేదేమో, ఐడా ఏనాడూ వేయలేదు. ఇప్పుడు ఈ పని. మరునాడు వెళ్ళి వాడి మెలికలన్నీ విప్పి, వాడికి జవాబుగా అవే బెండ్లకి రెండేసి వేసి వచ్చాను. కత్తి పదును పెట్టి ఉంచాను. రెండు వారాలు చూస్తాను. ఈలోగా ఇంకో మెలిక కనబడితే వాడి తాళ్ళన్నీ కోస్తాను. వాడి బోన్లన్నీ సముద్రం అడుగున పడుంటాయి.

ఒక్కటే చిక్కు. మూడు రోజులుగా వెతుకుతున్నాను, వాడి బెండ్లు ఒక్కటీ కనబడటం లేదు. పిరికివాడు, ఎత్తేసుకున్నట్టున్నాడు.

సరైన కోపంతో,
థర్లో

*

జూలై 27, పోస్టావిడ చేతికి ఇచ్చి త్వరగా పంపించమన్నాను

ఒరేయ్ తమ్ముడూ,

కత్తి లోపల పెట్టు. ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు. తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం.

డెల్మార్ వాళ్ళ రంగులు నాకు ఇంకా గుర్తున్నాయి. పైన ఆకుపచ్చ, కింద పసుపు. వాళ్ళ నాన్న కాలం నుంచీ అవే. నాన్నవి నీలం, తెలుపు.

నువ్వు నాకు పంపిన బెండు పైన ఆకుపచ్చ, కింద పసుపు.

అది నేను చూసి చెబుతున్నది కాదు. ఎమిల్‌ని అడిగాను. "ట్రాక్టరు రంగులని మార్చిలోనే చెప్పాను కదే" అన్నాడు. పోస్టావిడని అడిగాను. "పచ్చా పసుపూ. ఏంటమ్మా, పొద్దున్నే పరీక్ష పెట్టారు నాకు" అంది. వాన నీళ్ళు తోడటానికి వచ్చిన మనిషిని కూడా అడిగాను. ముగ్గురూ ఒకే మాట.

మే నెలలో నువ్వు నాన్న రంగులని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. నా కంటికే రంగులు తప్పుతున్నాయేమోనని భయపడి ఎవరితోనూ అనలేదు. నీకొక్కడికే ఉందనుకున్నావా ఈ పొగరు? ఒకే ఇంట్లో పుట్టాం.

ఎందుకంటే ఆ బుర్ర తక్కువ ఆవిడ నేనే. మూడేళ్ళయింది ఎడమ కన్ను పోయి. నీకు చెబితే వచ్చి జాలిపడతావని చెప్పలేదు. నువ్వు జాలిపడటం నేను ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు. కుడి కంటికి లేజరు చేశారు, దాంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. చిన్న అక్షరాలు నాకు కనబడవురా. కోడిగుడ్లు నీకోసం కాదు, నాకోసం.

లేజరు గురించి ఒక్కమాట చెబుతాను. పడవ మునిగేటట్టుంటే నాన్న ఏం చేసేవాడు? పక్కన కట్టిన బోన్లు నీళ్ళలోకి తోసేసేవాడు. ఏడుస్తూ తోసేవాడా? లెక్కపెట్టుకుంటూ తోసేవాడా? ఇంటికి రావడమే చూసుకునేవాడు. ఆ డాక్టరమ్మ అడుగుతున్నదీ అంతే.

నీ బెండ్లన్నీ డెల్మార్ రంగులో ఉన్నాయి. రెండు నెలలుగా నువ్వు అతని బోన్లు కూడా లాగుతున్నావు. వెళ్ళి అతనితో మాట్లాడు.

నీ ఒంటికన్ను అక్క,
లియోనా

*

హెరన్ దీవి
ఆగస్టు 12

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నువ్వు అబద్ధం చెబుతున్నావనుకున్నాను. రెండోసారి నీ కన్ను సంగతి దగ్గర ఆగిపోయాను, ముందుకు పోలేకపోయాను. దాని గురించి రాయడం నాకు రాదు. మే నెలలో రాసిన ఆ మాట మింగేయడానికి వీలుంటే మింగేస్తాను.

మూడోసారి చదివాక ఒక బెండు చంకలో పెట్టుకుని రేవుకి పోయాను. డెల్మార్ ఎరల పీపా మీద కూర్చుని పొగ తాగుతున్నాడు. ఇంకా ఐదారుగురు ఉన్నారు. బెండు వాడి కాళ్ళ దగ్గర పెట్టాను.

"ఇది ఏం రంగురా?" అన్నాను. పదకొండేళ్ళకి నేను వాడితో అన్న మొదటి మాట.

వాడు బెండు వంక చూశాడు. నా వంక చూశాడు. "వెక్కిరించడానికి వచ్చావా బావా?"

"ఏం రంగో చెప్పు."

"నా రంగు. పచ్చ, పసుపు. మా నాన్న రంగు. నువ్వు కొట్లోంచి ఎత్తుకుపోయిన నా డబ్బాల రంగు. ఇంకా చెప్పనా?"

"నాకది నీలం, తెలుపుగా కనబడుతోంది" అన్నాను.

ఒకడు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. డెల్మార్ పీపా మీంచి లేచి, తన చొక్కా పట్టుకుని చూపించాడు. "ఇది?"

"నీలం."

"ఇది ఆకుపచ్చ చొక్కా బావా."

"అయితే మురిగ్గా ఉంది, ఉతుక్కో" అన్నాను.

అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు చూడు. కూర్చుని నవ్వాడు, లేచి నవ్వాడు, పీపా పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, "నువ్వు నా మీద యుద్ధం ప్రకటించావని దీవంతా అనుకుంది కదయ్యా. నా రంగులు వేసుకుని, నా కళ్ళెదుటే బోన్లు ఎక్కించుకుని, మహారాజులాగా పోయావు. ముసలాడికి ఎంత ధైర్యమని నేనే మెచ్చుకున్నాను."

"ఒక్కడైనా అడగొచ్చు కదా" అన్నాను అందరి వంకా తిరిగి.

"నిన్నా?" అన్నాడు ఎవడో వెనక నుంచి.

అదీ నిజమే. నన్ను ఏదైనా అడిగి మంచి జవాబు పొందినవాడు ఈ దీవిలో లేడు.

వాడు పక్కకి తీసుకెళ్ళి ఇంకో మాట చెప్పాడు, అది నీకు మాత్రమే రాస్తున్నాను. "నేనూ నీ బోన్లు లాగాను బావా, నావే అనుకుని. నాలుగైదు లాగాక లోపల వల చూశాను. అది మా అక్క అల్లిక. ఆ పద్ధతిలో ఇంకెవరూ అల్లరు. అప్పుడు తెలిసింది నీవని. కొయ్యాలనే కత్తి తీశాను. అక్క అల్లిక అడుగున పడుంటుందనుకుంటే చెయ్యి రాలేదు. మెలిక వేసి ఊరుకున్నాను."

"నీ అల్లిక మాత్రం దరిద్రంగా ఉంది, రెండింటిని నేనే బాగుచేశాను" అన్నాను.

"చూశాను. ఎవడో పుణ్యాత్ముడు అనుకున్నాను" అన్నాడు.

మరునాడు పొద్దున్నే వాడి పడవలో ఒడ్డుకి, అక్కణ్ణుంచి వాడి ట్రక్కులో బాంగోర్‌కి పోయాం. దారంతా ఎదురొచ్చిన ప్రతి కారు రంగూ నన్నడిగాడు. ఎన్ని తప్పానో లెక్కపెట్టాడు కూడా.

కెస్లర్ డాక్టరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఆ గడ్డం తట్టలోనే మళ్ళీ గడ్డం పెట్టించింది. కన్ను మొద్దుబారడానికి చుక్కలు వేసి, కంటి మీద ఒక అద్దం బిళ్ళ ఆనించింది. "కదలకండి, నా చెవి వైపు చూడండి" అంది. తర్వాత టిక్కు టిక్కుమని మెరుపులు. ఒక్కొక్కటి చిన్న వడగళ్ళ రాయి కంట్లో పడ్డట్టు. చాలావరకు నొప్పి లేదు. కొన్ని చోట్ల పంటి నొప్పిలా లోపలికి పోటు పొడిచింది. నాలుగు వందల దాకా లెక్కపెట్టి మరిచిపోయాను. ఆ వెలుగు ఏం రంగో నన్నడక్కు. డాక్టరమ్మ పచ్చనీలం అంది. నాకు ఆ రెండూ ఒకటే.

ఇది కుడి కంటికి మొదటి విడత. ఇంకా మూడు విడతలున్నాయట. బయటికొస్తే డెల్మార్ కాగితం గ్లాసుతో కాఫీ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు ఏం రంగని అడిగాడు.

నీ తమ్ముడు,
థర్లో

*

ఆగస్టు 20

థర్లో,

నీ ఉత్తరం ఎమిల్ గట్టిగా చదివాడు. చొక్కా దగ్గర ఆయన, అల్లిక దగ్గర నేను ఆగిపోయాం.

మింగేయాల్సిన మాటలేవీ లేవు. బుర్ర తక్కువే నాది. అందుకే నీకు చెప్పాను, నీ బుర్రయినా మిగలాలని.

మిగతా మూడు విడతలకీ వెళ్ళు. మధ్యలో ఆపితే నేనే వస్తాను. రైళ్ళు మారి, పడవెక్కి, ఒంటికంటితో వస్తాను. అప్పుడు నువ్వు నాకు ఆలిచిప్పల సూపు వండాలి. టమాటా వేసి.

లియోనా

*

హెరన్ దీవి
నవంబరు 18

అక్కా,

నాలుగు విడతలూ అయ్యాయి. మొన్న పోతే డాక్టరమ్మ మళ్ళీ ఫోటో తీసి గోడ మీద వేసింది. నాచు ఎండిపోయింది. చుట్టూ తెల్లటి చుక్కలు, రాయి మీద గుల్లలు అంటుకున్నట్టు. "రంగులు తిరిగొస్తాయని చెప్పలేను. పోయినది పోయినట్టే. కానీ ఉన్నది నిలబడుతుంది" అంది. ఉన్నదానితో ఇన్నాళ్ళూ బతికాను కదా, ఇక ముందూ బతుకుతాను. సూర్యుడు వంగగానే ఇంటికి వచ్చేస్తున్నాను. పక్క చూపు తగ్గింది. ఎడమ పక్క నుంచి డెల్మార్ వస్తే కనబడడు. అది నష్టమని నేననుకోవడం లేదు.

లేవబోతుంటే నేనే అడిగాను, ఆ బిళ్ళల పెట్టె ఎక్కడుందని. తెచ్చి పెట్టింది. అన్నీ పేర్చాను. అరగంట పట్టింది. ఆవిడ చూసి, "చాలా తప్పాయి థర్లో గారూ" అంది. "తెలుసు. మళ్ళీ కలిపి పెట్టండి, ఇంకోసారి చూస్తాను" అన్నాను. రెండోసారి మరీ ఎక్కువ తప్పాను. డెల్మార్ గుమ్మంలో నిలబడి ఆనందించాడు.

బెండ్లన్నీ గీకేసి నాన్న రంగు మళ్ళీ వేస్తున్నాను. డబ్బా మూతలు వాడు తీసి, ఏది ఏదో చెప్పి ఇస్తాడు. ఒకరోజు పచ్చ డబ్బా ఇచ్చి నీలమన్నాడు. వేసేశాక పడీపడీ నవ్వాడు. ఒక్కదానికే, తమాషాకి. అది నా వంటగదిలో వేలాడుతోంది. బావకి జత కావాలంటే పంపుతాను.

నీళ్ళ మీద నా బెండు నాకు తెలియడం ఎలాగని దిగులు పడ్డాను. దానికి వాడే ఉపాయం చెప్పాడు. చేతికి తగిలేటట్టు నా ప్రతి బెండు పుల్లకీ తాడు మెలిక వేసి ఇస్తున్నాడు. ఎడమచేతి వాటం. ఇక దూరం నుంచి చూసినవాళ్ళకి నా బెండ్లన్నిటి మీదా డెల్మార్ కత్తి వేలాడుతున్నట్టే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే వాడు నాకు వేసిన గుర్తు. ఆదివారాలు ఇక్కడే తింటున్నాడు. టమాటా మాట ఎత్తడం లేదు. నేనూ ఎత్తడం లేదు. మొన్న మాత్రం తనే వండి పెట్టాడు. ఎర్రగా ఉన్నట్టనిపించింది. ఏం రంగని నేను అడగలేదు, తినేశాను.

వేసవిలో నువ్వూ బావా రావాలి. నా పడవకి పెట్టుకున్న ఐడా పేరు దాని మీద మళ్ళీ రాయించాను, తెల్లటి దాని మీద నల్లగా, నీకు కనబడేటంత పెద్దగా.

ఈ ఉత్తరం కూడా పెద్ద అక్షరాలతో రాశాను. పేజీకి ఏడే వరుసలు పట్టాయి. ఎమిల్ బావకి ఇవ్వకు. కిటికీ దగ్గర కూర్చుని నువ్వే చదువుకో.

థర్లో